చిట్టెలుక బండి

(విరిగిన వస్తువును పారవేయడం సులభం. దానిని తిరిగి నిలబెట్టడానికి ఓపిక, లెక్క, నిజాయితీ కావాలి. ముంబయిలోని తెలుగు పేట నేపథ్యంగా, పాడైపోయిన ఒక చిన్న కారును తిరిగి నిర్మించే విధానాన్ని ఈ పాఠం వివరిస్తుంది.)

ముంబయి సెంట్రల్ స్టేషనుకు తూర్పున, బెల్లాసిస్ రోడ్డుకు దక్షిణాన ఒక పేట ఉంది. అక్కడి వీధులను పేర్లతో కాక ఒకటో గల్లీ, రెండో గల్లీ అని అంకెలతో పిలుస్తారు. ఆ పేటే కామాటిపుర. కామాటి అంటే మట్టిపని, కట్టడపు పని చేసే కూలి అని అర్థం. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలనుంచి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఎందరో కూలీలు, తాపీ మేస్త్రీలు బొంబాయి చేరి ఇక్కడ స్థిరపడ్డారు. వారివల్లనే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఆ తరువాతి కాలంలో బట్టల మిల్లులలో పనికోసం కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాలనుంచి పద్మశాలీలు వచ్చి వర్లీ, ప్రభాదేవి, నాయగావ్ చాళ్లలో కాపురాలు పెట్టారు. పాలమూరు కూలీలు రోడ్లు వేశారు, పునాదులు తవ్వారు.

ఆనాటి తాపీ మేస్త్రీ సంచిలో ఖరీదైన యంత్రాలేవీ ఉండేవి కావు. ఒక తాపీ, ఒక మూలమట్టం, చివర గుండు కట్టిన ఒక దారం ఉండేవి. గోడ నిలువుగా లేచిందో లేదో ఆ దారం చెప్పేది. ఆ దారానికీ, ఈ పాఠంలోని కారుకూ ఒక సంబంధం ఉంది. అది ముందుముందు మీకే తెలుస్తుంది.

చిట్టెలుక పుట్టుక

1936లో ఇటలీ దేశంలోని ఫియట్ సంస్థ ఒక చిన్న కారును మార్కెట్టులోకి తెచ్చింది. దాని పేరు ఫియట్ 500. డాంటే జకోసా అనే యువ ఇంజనీరు దానిని రూపొందించాడు. చూడడానికి ముచ్చటగా, బుల్లిగా ఉన్న ఆ బండిని అక్కడి ప్రజలు 'టోపోలీనో' అని పిలుచుకున్నారు. ఇటాలియన్ భాషలో ఆ మాటకు చిట్టెలుక అని అర్థం. 1955 వరకు ఐదు లక్షలకు పైగా చిట్టెలుకలు తయారయ్యాయి. ఇందులో గుడ్డ పైకప్పు ఉన్న రకం కూడా ఉండేది. పక్కల కిటికీ చట్రాలు అలాగే ఉండగా, నడిమి గుడ్డను వెనక్కి చుట్టివేస్తే ఆకాశం కనిపించేది.

ఈ బండితో ముంబయికి చుట్టరికం ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ కుర్లాలోని తన కర్మాగారంలో 1950ల ఆరంభంలో ఫియట్ 500ను, 1954 నుంచి దానికంటే పెద్దదైన ఫియట్ 1100ను తయారు చేసింది. ఆ పెద్ద ఫియట్టే తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొని, నలుపు పసుపు రంగుల టాక్సీగా నగరమంతా తిరిగింది. చిట్టెలుక మాత్రం క్రమంగా కనుమరుగయింది. పాత బంగళాల ఆవరణలలో, తుప్పు పట్టిన ఇనుము మధ్య ఎక్కడైనా ఒకటి మిగిలి ఉండేది.

గ్యారేజీలో

అటువంటి బండికి తిరిగి ప్రాణం పోయడం ఎలాగో తెలుసుకోవడానికి ఒక గ్యారేజీని ఊహించుకుందాం. కాలం 1990ల నాటి వేసవి. చోటు కామాటిపురలో ఒక గల్లీ చివర ఉన్న రేకుల షెడ్డు. చాలులో ఇంటికి ఒక గదే ఉంటుంది. కనుక ఇంటి గ్యారేజీ అంటే మేస్త్రీ ఉండే గది ఎదుట, వానకు తడవకుండా రేకులు కప్పుకొన్న నాలుగు గజాల జాగా. మేస్త్రీ తెలుగువాడు. బడి వదిలాక పని చూడడానికి పక్క చాలు బాలుడు వచ్చి నిలబడేవాడు.

ఒకనాడు అక్కడికి ఒక చిట్టెలుకను తోపుడు బండిమీద తెచ్చి దించారు. ఎప్పుడో లారీ తగిలి దాని ఎడమ ముందుభాగం నలిగిపోయింది. గుడ్డ కప్పు చినిగి పీలికలయింది. ఎన్నో వర్షాకాలాలు తడిసి తలుపుల అడుగున రేకు పొరలు పొరలుగా రాలుతున్నది.

"మామా! గీ బండి మల్ల నడుస్తదా?" అని బాలుడు అడిగాడు.

"నడుస్తది. గని అది ఏడ వంగిందో ముందుగాల మనకు తెలియాలె" అన్నాడు మేస్త్రీ.

బండి యజమాని తొందరలో ఉన్నాడు. పదిహేను రోజులలో అతని కొడుకు పెళ్లి. ఊరేగింపుకు ఈ బండి కావాలి. "నలిగినచోట పుట్టీ పెట్టి రంగు కొట్టు. పెళ్లినాటికి మెరిస్తే చాలు" అన్నాడు. మేస్త్రీ వెంటనే బదులు చెప్పలేదు. "చూసి చెప్తానయ్యా" అని పనిలోకి దిగాడు.

విప్పడం కంటె ముందు

పాత బండి పనిలో మొదటి సూత్రం విప్పడం కాదు, గుర్తుపెట్టుకోవడం. మేస్త్రీ ఒక నోటుపుస్తకంలో ప్రతి భాగం బొమ్మ గీశాడు. విప్పిన నట్లు, బోల్టులు ఒకచోట కలిసిపోకుండా ఖాళీ డబ్బాలలో వేసి, ప్రతి డబ్బాకు చీటీ అంటించాడు. 'ఎడమ తలుపు', 'ముందు చక్రం', 'స్టీరింగు' అని బాలుని చేత తెలుగులో రాయించాడు. ఆరు నెలల తరువాత ఏ బోల్టు ఎక్కడిదో జ్ఞాపకం ఉండదు. చీటీ మాత్రం మరిచిపోదు.

బ్యాటరీని, పెట్రోలు ట్యాంకును మొట్టమొదటనే తీసి దూరంగా పెట్టారు. ఖాళీ ట్యాంకు మరింత ప్రమాదకరమైనది. అందులో మిగిలిన పెట్రోలు ఆవిరి, గాలితో కలిసి, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ఇక రెండో జాగ్రత్త: జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరూ దూరరాదు. జాకీ లేపడానికే గాని మోయడానికి కాదు. లేపిన తరువాత గట్టి దిమ్మెలు లేదా ఇనుప స్టాండ్లు పెట్టాలి.

గుండు కట్టిన దారం

చిట్టెలుకకు అడుగున చాసిస్ అనే ఇనుప చట్రం ఉంటుంది. ఇంటికి పునాది ఎటువంటిదో బండికి చాసిస్ అటువంటిది. అది వంకరపోతే పైన ఎంత సింగారించినా బండి తిన్నగా నడవదు. టైర్లు ఒకవైపే అరుగుతాయి. బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

మేస్త్రీ పెట్టెలోనుంచి గుండు కట్టిన దారం తీశాడు. చాసిస్ నాలుగు మూలల నుంచి దారం వేలాడదీసి, గుండు చూపిన నాలుగు చోట్ల నేలమీద సుద్దతో గుర్తులు పెట్టాడు. తరువాత చట్రాన్ని పక్కకు జరిపి, ఎదురెదురు మూలల మధ్య దూరాలు కొలిచాడు.

దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని మీరు గణితంలో చదువుకున్నారు. చిట్టెలుక చట్రం దీర్ఘచతురస్రం కాదు. అది ముందు సన్నగా, వెనుక వెడల్పుగా ఉంటుంది. అయినా ఎడమ, కుడి భాగాలు ఒక్కతీరుగా ఉన్నంతవరకు దాని కర్ణాలు కూడా సమానమే. ఇక్కడ మాత్రం రెండు కర్ణాలకు 15 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. లారీ తగిలిన దెబ్బ రేకుతో ఆగలేదు, పునాదిని తాకింది.

బాలుడు ఆశ్చర్యపోయి, "మా తాత గూడ పునాది తీసేటప్పుడు గిట్లనే మూలలు కొలుస్తుండె!" అన్నాడు.

మేస్త్రీ నవ్వి, "బిల్డింగైనా బండైనా దారం ఒక్కటేరా!" అన్నాడు.

అట్టపెట్టె చెప్పే పాఠం

పైకప్పు తెరిచే బండికి చాసిస్ మరింత ముఖ్యం. ఎందుకో తెలుసుకోవడానికి చిన్న ప్రయోగం చేయండి. ఒక చెప్పుల అట్టపెట్టెను మూతతో సహా రెండు చేతుల మధ్య పట్టి మెలితిప్పండి. అది అంత తేలికగా మెలితిరగదు. ఇప్పుడు మూత తీసి తిప్పండి. పెట్టె వెంటనే వంకరపోతుంది. కారుకు ఇనుప పైకప్పు పెట్టెకు మూత వంటిది. గుంతలో ఒక చక్రం దిగినప్పుడు పుట్టే మెలికను అది కూడా పంచుకుంటుంది. గుడ్డ కప్పు ఎండను ఆపుతుందే గాని మెలికను ఆపలేదు. ఆ భారమంతా అడుగు చట్రమే మోయాలి.

ఫియట్ 1100, పద్మిని వంటి బండ్లకు వేరే చాసిస్ లేదు. నేల, పక్కలు, కప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెగా బలాన్నిస్తాయి. అటువంటి బండి కప్పును కోసి 'ఓపెన్ కారు' చేయాలంటే, ముందుగా అడుగున అదనపు బలం చేర్చాలి. లేకపోతే నడిమి భాగం కుంగి తలుపులు పట్టవు, ప్రమాదంలో ప్రాణాలు దక్కవు.

అయస్కాంతం పరీక్ష

చట్రం సంగతి తెలిసింది. ఇక రేకు సంగతి చూడాలి. మేస్త్రీ ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బండి ఒంటిమీద మెల్లగా జరిపాడు. కొన్నిచోట్ల అది గట్టిగా అతుక్కుంది. కొన్నిచోట్ల జారిపడింది. జారిపడినచోట ఇనుము లేదన్నమాట. లోపల ఉన్నది పుట్టీ. ఎవరో ఒకప్పుడు తుప్పును అలాగే ఉంచి, పైన పుట్టీ మెత్తి, రంగు పూశారు. డ్రైవరు సీటు కిందనైతే చట్రానికే చిల్లులు పడ్డాయి. తారు పూసి వాటిని దాచారు. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే అది సగం వరకు దిగిపోయింది.

మన పెద్దలు 'పైన పటారం, లోన లొటారం' అంటారు. ఆ సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

సాయంత్రం యజమాని వచ్చాడు. మేస్త్రీ అతనిని బండి దగ్గరికి పిలిచి స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు. "మీరే నొక్కి చూడుండ్రి" అన్నాడు. యజమాని నొక్కి చూశాడు. అతని ముఖం వెలవెలబోయింది.

"రంగు కొట్టమంటే రెండు దినాలల్ల కొడత. పైసలు గూడ వస్తయి. గని ఊరేగింపుల మీ కొడుకు పక్కన తోడుపెండ్లికొడుకు కూసుంటడు. పసిపోరడు. ఆ సీటు కింద ఇనుము లేదని తెలిసినంక నేను రంగు కొట్టను" అన్నాడు మేస్త్రీ.

యజమాని కొంతసేపు మాట్లాడలేదు. చివరకు, "పెళ్లికి వేరే బండి చూసుకుంటాను. దీన్ని సరిగ్గానే చెయ్యి" అన్నాడు. ఆ నెల మేస్త్రీకి రావలసిన డబ్బు రాలేదు. అయినా చెయ్యవలసిన పని అతనికి దక్కింది.

చట్రం, రేకు

వంగిన చట్రాన్ని ఒక్క దెబ్బతో సరిచేయరాదు. నేలలో దిగగొట్టిన ఇనుప గుంజలకు దానిని బిగించి, గొలుసుతో, జాకీతో కొద్దికొద్దిగా లాగుతారు. ఇనుముకు సాగే గుణం ఉంది కనుక వదిలిన వెంటనే కొంత వెనక్కి పోతుంది. అందుకే కావలసిన కొలత కంటె కొంచెం ఎక్కువగా లాగి వదలాలి. లాగిన ప్రతిసారీ దారం వేలాడదీసి కొలవాలి. అలా నాలుగు రోజులకు రెండు కర్ణాలు సమానమయ్యాయి.

తుప్పు తిన్న భాగాన్ని గట్టి ఇనుము తగిలేదాకా కోసివేయాలి. అంతే మందంగల కొత్త రేకును అదే ఆకారంలో కత్తిరించి అతకాలి. ఒకేచోట వెల్డింగు సాగిస్తే వేడికి రేకు ఉబ్బి అలలు తేలుతుంది. అందుచేత ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి మధ్య ఖాళీలు పూరిస్తారు. సొట్టలు పోగొట్టడానికి రేకు వెనుక ఇనుప దిమ్మె ఆనించి, ముందునుంచి సుత్తితో చిన్న దెబ్బలు వేస్తారు. సొట్ట పోయిందో లేదో కంటికంటె అరచేతికి బాగా తెలుస్తుంది. అప్పుడు కూడా పుట్టీ వాడతారు. కాని అది రేకుమీది సన్నని గీతలను పూడ్చడానికే గాని లేని ఇనుమును ఉన్నట్లు చూపడానికి కాదు.

ముంబయి సముద్రతీర నగరం. గాలిలో ఉప్పు, తేమ ఉంటాయి. ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో, నీటితో కలిసినప్పుడు తుప్పు ఏర్పడుతుంది. ఉప్పు ఆ చర్యను వేగిరపరుస్తుంది. కనుక శుభ్రం చేసిన ఇనుమును ఒక్క రాత్రి కూడా వట్టిగా వదలక, తుప్పును ఆపే పూత వేస్తారు. బయటికి కనిపించని లోపలి పక్కకు కూడా ఆ పూత తప్పదు.

గుండెకు మరమ్మతు

చిట్టెలుక ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం 52 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 67 మిల్లీమీటర్లు. వృత్తపు వైశాల్యాన్ని ఈ దూరంతో, తరువాత నాలుగుతో గుణిస్తే ఇంజను పరిమాణం సుమారు 569 ఘనపు సెంటీమీటర్లు వస్తుంది. నేటి చిన్న కార్ల ఇంజన్లు కూడా చాలావరకు దీనికంటె పెద్దవే.

ఏళ్ల తరబడి నడిచిన ఇంజనులో సిలిండరు గోడలు అరిగి గుండ్రతనం పోగొట్టుకుంటాయి. వాటిని యంత్రంమీద పెట్టి, మరికొంత వెడల్పుగా, నునుపుగా తొలుస్తారు. దీనినే బోరింగు అంటారు. అందుకు తగిన పెద్ద పిస్టన్లు, రింగులు వేస్తారు. ఈ బండిలో మరొక చిత్రం ఉంది. రేడియేటరు ఇంజనుకు ముందు కాక వెనుక, ఎత్తున ఉంటుంది. నీటిని తోసే పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లబడిన నీరు బరువై కిందికి దిగుతుంది. ఆ కదలికే ఇంజనును చల్లబరుస్తుంది. ఆ దారిలో పేరుకొన్న మడ్డిని కడిగివేయకపోతే ఇంజను ఉడికిపోతుంది.

కొన్ని భాగాలు ఎక్కడా దొరకవు. వాటికోసం మేస్త్రీ, బాలుడు ఒక ఆదివారం మటన్ స్ట్రీట్ చోర్ బజారుకు నడిచి వెళ్లారు. పాత దీపాలు, గడియారాలు, గ్రామఫోన్ల నడుమ బండి సామాను కుప్పలుగా ఉంటుంది. కుర్లాలోని పాత సామాను దుకాణాలు కూడా తిరిగారు. అక్కడా దొరకని చిన్న భాగాన్ని లేతు మిషను మీద కొత్తగా చేయించారు.

గుడ్డ కప్పు పని పక్క గల్లీ దర్జీది. గుడ్డను ముందుగా నీటిలో తడిపి ఆరబెట్టి, తరువాత కుట్టాడు. లేకుంటే మొదటి వానకే ముడుచుకుపోతుంది.

మొదటి అడుగు

ఇంజను తొలిసారి మ్రోగినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రీ మాత్రం బండిని కదలనీయలేదు. "నడిచే బండి కంటె ముందు ఆగే బండి కావాలె" అన్నాడు. చిట్టెలుక బ్రేకులు ద్రవం ఒత్తిడితో పనిచేస్తాయి. గొట్టంలో గాలిబుడగ ఉంటే తొక్కినప్పుడు అదే నొక్కుకుపోతుంది, ఒత్తిడి చక్రానికి అందదు. నాలుగు చక్రాల దగ్గర గాలి పూర్తిగా పోయేదాకా ద్రవాన్ని వదిలి, బ్రేకు సరిచూశాక, దసరానాడు ఆయుధపూజ చేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చిట్టెలుక గల్లీలోకి వచ్చింది. కప్పు వెనక్కి చుట్టి ఉంది. బాలుడు పక్క సీటులో కూర్చున్నాడు. సీటు కింద ఇనుము ఉందని అతనికి తెలుసు.

నేటి మాట

కాలం మారింది. చివరి ప్రీమియర్ పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో ముంబయి వీధులనుంచి సెలవు తీసుకున్నది. యాభై ఏళ్లు దాటిన పాత బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రిజిస్ట్రేషను నియమాలు చేసింది. బండి తన మొదటి రూపంలోనే ఉండాలనీ, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేయరాదనీ అందులో ఉంది. బండి పాతదని నిరూపించేది దాని మెరుపు కాదు, దాని ఎముకలే.

ముంబయిలోని ఎన్నో పాత కట్టడాల పునాదులలో కామాటి కూలీల చెమట ఉంది. ఆ రాళ్లమీద వారి పేర్లు లేవు. అయినా గోడలు నిటారుగా ఉన్నాయి. ఎవరూ చూడనిచోట కూడా దారం వేలాడదీసి సరిచూసుకున్నవారు వాటిని కట్టారు. చట్రం లోపలి పక్కకు పూత వేసే మేస్త్రీ కూడా ఆ కోవకు చెందినవాడే.

అర్థాలు

బ్రతుకుతెరువు – జీవనోపాధి
కర్ణం – ఎదురెదురు మూలలను కలిపే రేఖ
సింగారించు – అలంకరించు
వెలవెలబోవు – కళ తప్పు
నిటారుగా – నిలువుగా
కోవ – తెగ, వరుస

అభ్యాసం

1. కామాటిపురకు ఆ పేరు ఎలా వచ్చింది?
2. ఫియట్ 500ను చిట్టెలుక అని ఎందుకు పిలిచారు?
3. అట్టపెట్టె ప్రయోగం ద్వారా మీరు తెలుసుకున్న విషయం ఏమిటి?
4. యజమాని అడిగినట్లు మేస్త్రీ వెంటనే రంగు ఎందుకు వేయలేదు? అతని స్థానంలో మీరుంటే ఏమి చేసేవారు?
5. సిలిండరు వ్యాసం 52 మి.మీ., పిస్టన్ నడిచే దూరం 67 మి.మీ. అయితే నాలుగు సిలిండర్ల పరిమాణం లెక్కకట్టి చూడండి.
6. 'పైన పటారం, లోన లొటారం' అనే సామెతను సొంత వాక్యంలో ప్రయోగించండి.
7. పాఠంలో బాలుడు, మేస్త్రీ మాట్లాడిన మాటలను మీ ఇంట్లో మాట్లాడే తీరులో రాయండి.
8. మీ చాలులో చేతిపని తెలిసిన పెద్దవారిని కలిసి, వారి పనిముట్ల పేర్లు, వాటి ఉపయోగాలు అడిగి పట్టిక తయారు చేయండి.